తాళం చేతికిచ్చినవాడు

రాయచోటి పక్క పల్లెలో ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. పేరుతో మనకు పని లేదు. ఊళ్ళో సగం మందికి వరసకు బావ, మిగతా సగం మంది కూడా అలవాటుకొద్దీ బావా అనే పిలిచేవాళ్ళు. మదనపల్లె మార్కెట్టులో సాయంత్రం టమాటా లోడు ఎత్తితే తెల్లారేలోపు చెన్నై కోయంబేడులో దించాల్సిందే. ఆలస్యమైతే ధర పడిపోతుంది, రైతు మునుగుతాడు, లారీ ఓనరు డ్రైవరు మీద విరుచుకుపడతాడు. ఆ పరుగులో ఇరవై ఏళ్ళు గడిపినవాడు బావ. కడప వైపు లోడు పడిందంటే గువ్వలచెరువు ఘాటు దిగాలి. ఒక రాత్రి ఆ ఘాటులో బ్రేకు పట్టలేదట. బావ కంగారు పడకుండా గేరు తగ్గించుకుంటూ, కొండ వైపు చక్రాన్ని మట్టిగట్టుకు ఒరిపించి, బండిని నిలబెట్టాడట. ఒక్క టమాటా పెట్టె కూడా జారలేదని చెప్పుకుంటారు. ఇలాంటి కథల్లో పెట్టెలు ఎప్పుడూ జారవు, అది వేరే సంగతి.

ఆయనకొక బామ్మర్ది. ట్రాక్టరు మీద స్టీరింగు పట్టడం నేర్చి, తర్వాత షేర్ ఆటో నడిపాడు. ముందు బస్సు పోతుంటే దాన్ని దాటడు. బస్సు ఆగితే తనూ ఆగుతాడు, అది కదిలాక కదులుతాడు. వాడి ఆటో ఎక్కడం కన్నా నడిచిపోతే ముందు చేరతామని ఊళ్ళో ఎగతాళి. బావ కూడా నవ్వేవాడు. "నీకు బండి భయం గాదురా, రోడ్డు భయం" అనేవాడు.

ఆ ప్రాంతంలో అప్పు పెరిగితే మొదట తలుపు తట్టేది కువైటు. బావకు కూతురి పెండ్లి అప్పు ఉంది. బామ్మర్దికి ఆటో ఫైనాన్సు ఉంది. ఇద్దరూ ఒకే ఏజెంటు దగ్గర డబ్బు కట్టారు. ఇద్దరికీ ఇరవై నంబరు వీసాలే వచ్చాయి. అంటే ఇంటి పని వీసా, అందులో హౌస్ డ్రైవరు. బయలుదేరే ముందు బావ ఆర్టీవో ఆఫీసుకు పోయి వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాడు. ఫోటో అంటించిన చిన్న పుస్తకం. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పాస్‌పోర్టు కంటే భద్రంగా దాచుకున్నాడు.

"నువ్వూ తీసుకో రా" అన్నాడు బామ్మర్దితో.

"దాంతో ఆడ నడపనిస్తారా బావా?"

"ఇంటర్నేషనల్ అని పేరే ఉండాది గదా. ఇంగేం గావాల?"

బామ్మర్ది తీసుకోలేదు. తెలివితో కాదు, వెయ్యి రూపాయలు లేక.

కువైటులో దిగాక ఇద్దరూ రెండు ఇళ్ళలో పడ్డారు. బావ కఫీలు, అంటే వీసా ఇచ్చి పని చేయించుకునే యజమాని, మంచివాడే. భోజనానికి లోటు చేయలేదు, జీతం నెల తిరక్కుండా ఇచ్చేవాడు. రెండో వారంలోనే తాళం చేతిలో పెట్టాడు. పిల్లల్ని బడికి దింపాలి, మేడమ్‌ను జమియాకు, అంటే సరుకుల దుకాణానికి, తీసుకెళ్ళాలి, పాత డ్రైవరు వెళ్ళిపోయి నెలైంది. లైసెన్సు సంగతి బావ అడిగాడు. అడగలేదని అనడానికి లేదు. కఫీలు చెయ్యి ఊపి "బాదేన్, బాదేన్" అన్నాడు, తర్వాత చూద్దాం అని. ముందు మెడికల్ కావాలి, వేలిముద్రలు కావాలి, అకామా (నివాస అనుమతి) పడాలి, బతాకా (గుర్తింపు కార్డు) రావాలి, ఆ తర్వాతే మురూరులో (ట్రాఫిక్ శాఖలో) లైసెన్సు ఫైలు కదులుతుంది. అంతవరకు పిల్లలు బడి మానేస్తారా? బావ తన పుస్తకం తీసి చూపించాడు. కఫీలు దాన్ని అటూ ఇటూ తిప్పి, ముద్ర చూసి, "మాఫీ ముష్కిల్" అన్నాడు, ఇబ్బందేమీ లేదు అని. ఆ రెండు ముక్కలు గల్ఫులో మనవాళ్ళు వినని రోజు ఉండదు.

బావ బండి తీశాడు. స్టీరింగు ఎడమవైపు, నడక కుడివైపు. మనిషి అలవాటు పడడానికి నెల పడుతుందంటారు, బావకు రెండు రోజులు చాలింది. ఐదో రింగు రోడ్డు మీద ఏ లేను ఎక్కడ విడిపోతుందో, ఏ పూట ఎక్కడ బండ్లు కడతాయో చేతికి తెలిసిపోయింది. పిల్లలు వెనక సీట్లో నిద్రపోయేవాళ్ళు. బండి కుదుపు లేకుండా పోతుందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

బామ్మర్దికీ మొదటి వారమే తాళం ఇచ్చారు. వాడు పట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని "లైసెన్సు, లైసెన్సు" అన్నాడు. వాడికి వచ్చిన అరబ్బీ అప్పటికి సున్నా. ఇంటాయన మొదట నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, చివరకు ఏజెన్సీకి తిప్పి పంపుతానన్నాడు. వాడు ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాడే గానీ తాళం ముట్టలేదు. దీన్ని ధైర్యం అనడానికి నాకు మనసొప్పదు. వాడిది పక్కా పిరికితనం. పోలీసు పట్టుకుంటే ఏమవుతుందో అన్న భయం, కఫీలు తిడితే ఏమవుతుందో అన్న భయాన్ని మించింది, అంతే. విసుగెత్తి వాణ్ణి ఇంటి పనిలో పడేశారు. పొద్దున్నే లేచి నాలుగు కార్లు తుడవాలి. ఇసుక గాలి వీచిన మర్నాడు రెండుసార్లు తుడవాలి. మొక్కలకు నీళ్ళు పెట్టాలి, నీళ్ళ కార్టన్లు మోయాలి, దివానియాకు (అతిథుల గదికి) చాయ్ పట్టుకెళ్ళాలి. ఇంట్లో వంట చేసే సింహళామె కూడా వాణ్ణి చూసి నవ్వేది, డ్రైవరని వచ్చి బక్కెట్టు పట్టుకున్నాడని.

శుక్రవారం మాలియాలో మనవాళ్ళు కలుసుకునే చోట ఇద్దరూ కలిసేవాళ్ళు.

"ఏం బామ్మర్దీ, ఇంగా కార్లు కడుగుతానే ఉండావా?"

"ఏం జేసేది బావా. కాగితం రాలేదు."

"కాగితం బండి నడపదురా, చెయ్యి నడుపుతాది."

"చెయ్యి మనదే గానీ రోడ్డు మనది గాదు గదా బావా."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. బామ్మర్ది మాటకు కాదు, వాడు ఆ మాట అంటూ చొక్కా మీద సబ్బు మరక గోకుతున్నందుకు.

నెలలు గడిచాయి. బావకు బతాకా వచ్చింది. లైసెన్సు ఫైలు మాత్రం కఫీలు టేబులు మీదే ఉంది. ఇప్పుడు బావ కూడా గుర్తు చేయడం మానేశాడు. అంతా సాఫీగా నడుస్తుంటే ఎవరు మాత్రం గెలుకుతారు? బామ్మర్ది పనిచేసే ఇంట్లో వాడి పోరు పడలేక ఫైలు పెట్టించారు. వాడు పరీక్షకు పోయి పార్కింగులో కోను పడగొట్టాడు. రెండోసారి రివర్సులో గట్టు ఎక్కించాడు. మూడోసారి ఎలాగో గట్టెక్కాడు. పరీక్ష పెట్టినాయన విసుగుతో పాసు చేశాడని వాడే చెప్పుకునేవాడు.

ఒకరోజు సాయంత్రం, సాల్మియా వైపు దిగే దారిలో చెకింగు పెట్టారు. నీలం ఎరుపు దీపాలు, రెండు పోలీసు గస్తీ కార్లు, వరసగా నిలిచిన బండ్లు. బావ వంతు వచ్చింది. ఇరవై ఐదేళ్ళ కుర్ర పోలీసు అద్దం దించమని సైగ చేసి, మాట లేకుండా అరచెయ్యి చాపాడు. బావ మూడూ ఇచ్చాడు: బండి దఫ్తరు (రిజిస్ట్రేషన్ కాగితం), తన బతాకా, ప్లాస్టిక్ కవర్లో పుస్తకం. పోలీసు పుస్తకం తెరిచి పేజీలు తిప్పాడు. తర్వాత బతాకా వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు. ఫోను తెరవమన్నాడు. బావ ఫోనులో కువైట్ మొబైల్ ఐడీ యాప్ ఉంది. అందులో బతాకా కనబడింది. లైసెన్సు ఉండాల్సిన చోట ఏమీ లేదు. పోలీసు వేలితో ఆ ఖాళీ మీద రెండుసార్లు తట్టి, బండి పక్కకు పెట్టమన్నాడు.

పక్కన చోటెక్కడుంది? గస్తీ కారుకూ పేవ్‌మెంటు గట్టుకూ మధ్య కారు పొడవు కంటే జానెడు ఎక్కువ సందు ఉంది. బావ తల తిప్పి ఒక్కసారి చూశాడు. ఒకే రివర్సులో, స్టీరింగు రెండోసారి సరిచేసుకోకుండా, బండిని ఆ సందులో గీత గీసినట్టు పెట్టాడు. కుర్ర పోలీసు కనుబొమలు లేచాయి. "మాషాల్లా!" అన్నాడు. పక్కనున్న రెండోవాడితో "సవ్వాగ్ జేన్" అన్నాడు, డ్రైవరు మంచివాడు అని. ఆ మాట అంటూనే చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపి తాళం తీసుకున్నాడు.

బావకు తల తిరిగిపోయింది. వెనక బండిలో ఒక హైదరాబాదు ముసలి డ్రైవరు ఉన్నాడు, ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నవాడు. ఆయన్ను బతిమాలి తన మాట చెప్పించాడు. "అయ్యా, నువ్వే చూసినావు గదా. మంచి డ్రైవరని నువ్వే అన్నావు గదా. మరి తాళం ఎందుకు తీసినావు?"

కుర్రవాడు కోపం తెచ్చుకోలేదు. నిదానంగా చెప్పాడు, ముసలాయన తెలుగులో పెట్టాడు.

"బండి నడపడం వచ్చా అని అతను అడగలేదంట తమ్ముడూ. అది పరీక్ష పెట్టేవాడి పనంట. ఇతను అడిగేది ఒకటే. రేపు నీ బండి కింద ఒక పిల్లోడు పడితే, నువ్వు నడపొచ్చని ఈ ఊళ్ళో ఒప్పుకున్నది ఎవరు, ఎవరిని పిలిచి అడగాల? నీ పుస్తకం ఇచ్చిన ఆఫీసు సముద్రం అవతల ఉంది. వాళ్ళు నిన్ను నాలుగు రోజులు తిరిగొచ్చే చుట్టానివి అనుకుని రాసిచ్చిన్రు. నువ్వేమో ఇక్కడ అకామా వేసుకున్నావ్."

కఫీలుకు ఫోను పోయింది. ఆయన తెల్లటి దిష్‌దాషాలో స్టేషనుకు వచ్చాడు. లోపల చాయ్ తాగాడు. బావ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, నిజంగానే బాధపడ్డాడు కూడా. అడిగినవాళ్ళకు మాత్రం "తనకు పర్మిట్ ఉందన్నాడు, పుస్తకం చూపించాడు, నేను నమ్మాను" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. "బాదేన్" అన్న సంగతి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. సంతకం పెట్టాడు, కట్టాల్సింది కట్టాడు. కారు ఆ రాత్రే ఇంటికి చేరింది.

బావ డిపోర్టేషన్ సెంటరుకు చేరాడు. వేలిముద్రలు తీసుకున్నారు. గదిలో ఉన్న బట్టలు ఎవరో ప్లాస్టిక్ సంచీలో వేసి పంపారు. పిల్లల తల్లి ఒక కొత్త దుప్పటి కూడా పెట్టింది. చెన్నై విమానాశ్రయంలో దిగి, బస్సులు మారి, దుప్పటి చంకన పెట్టుకుని ఊరు చేరాడు. పెండ్లి అప్పు ఉన్నచోటే ఉంది, దాని మీద ఏజెంటు అప్పు కూర్చుంది.

నెల తర్వాత బామ్మర్దినీ అలాంటి చెకింగులోనే ఆపారు. ఆగమన్న కంగారులో ముందు చక్రం గట్టుకు రాసుకుంది, బంపరుకు గీత పడింది. పోలీసు నవ్వు ఆపుకుంటూ యాప్‌లో లైసెన్సు చూశాడు. లేను మారేటప్పుడు సిగ్నలు వేయలేదని ముఖాలఫా (చలానా) రాశాడు. పొమ్మన్నాడు.

ఊళ్ళో చాయ్ కొట్టు దగ్గర దీని మీద పెద్ద చర్చ. సింహం తిరిగొచ్చిందేం, మేక అక్కడే ఉందేం అని. రిటైరైన పంతులుగారు తేల్చిచెప్పాడు. "నీ పనితనం నిన్నెరిగినవాళ్ళ ఊళ్ళో చెల్లుతుంది. ఎరగని ఊళ్ళో నీ తరఫున మాట్లాడేది కాగితమే. కాగితం చేతికొచ్చేదాకా తాళం ముట్టకూడదు. వాడు ముట్టలేదు, వీడు ముట్టాడు. అంతే కథ." అందరూ తలలూపారు. బావ కూడా ఊపాడు.

చెంబుతో పాలు తీసుకుపోతున్న బావ పెండ్లాం ఆగింది. తిరిగొచ్చినవాడు మొగుడు, అక్కడ ఉన్నవాడు తమ్ముడు. ఎవరి పక్షమూ పట్టడానికి లేని మనిషి.

"తాళం ముట్టినోని గురించి చెప్పినావు పంతులూ. తాళం ఇచ్చినోని గురించి ఏమీ జెప్పలేదే?"

*

నీతి

పంతులుగారి నీతి తప్పు కాదు. గల్ఫుకు పోయే ప్రతి డ్రైవరు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాల్సిన మాట అది. బావ నమ్మకం కూడా ఊరికే పుట్టింది కాదు. మన ఆర్టీవోలు ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం కింద వచ్చింది. 2022 ఆగస్టులో కేంద్రం దాని రూపాన్ని దేశమంతా ఒకటే చేసి, క్యూఆర్ కోడు కూడా పెట్టించింది. అది అసలైన పత్రమే, ఎవరూ మోసం చేయలేదు. అయితే దాని పని చుట్టపుచూపుగా వెళ్ళినవాడికి. మన లైసెన్సులో ఉన్నదాన్ని పరాయి దేశం పోలీసుకు అర్థమయ్యేలా చెప్పడమే దాని ఉద్యోగం. అక్కడే కాపురం పెట్టినవాడికి అది వేరే ఊరి రేషన్ కార్డుతో సమానం.

ఈ తేడా కువైటు పోలీసు కనిపెట్టింది కాదు. 1968 నాటి వియన్నా ఒప్పందం 41వ అధికరణంలోనే ఉంది: ఒక మనిషి తన మామూలు నివాసాన్ని మా దేశానికి మార్చుకుంటే, అతని పాత దేశపు లైసెన్సును మేము గుర్తించి తీరాలన్న బాధ్యత లేదు అని. దుబాయిలో నివాస వీసా పడ్డాక మన లైసెన్సు మీద బండి నడపడానికి లేదు. అక్కడి రవాణా సంస్థ 2023 ఏప్రిల్‌లో 'గోల్డెన్ చాన్స్' అని, మనలాంటి దేశాల లైసెన్సు ఉన్నవాళ్ళు క్లాసులు లేకుండా నేరుగా పరీక్షకు కూర్చునే వీలిచ్చింది. అదీ ఒక్కసారికే. అందులోనూ పరీక్ష తప్పదు. అమెరికాలో రాష్ట్రానికో లెక్క. కాపురం మార్చుకున్నవాడికి టెక్సస్ 90 రోజులు ఇస్తుంది, న్యూజెర్సీ 60, కాలిఫోర్నియా 10. ఆ రోజులు ఎప్పటినుంచి లెక్కో తెలియక, హైదరాబాదులో తీసుకున్న లైసెన్సుతో సెకండ్ హ్యాండ్ కారు నడుపుతూ దొరికిపోయే విద్యార్థులు మన ఇళ్ళ పిల్లలే.

అమెరికా మాట వచ్చింది గనక ఒక సంగతి. మన దగ్గర పోలీసు ఆపితే బండి దిగి, ఎదురెళ్ళి, "సార్" అనడం మర్యాద. అక్కడ అలా దిగితే ప్రమాదం. ఆగినవాడు సీట్లోనే కూర్చోవాలి, రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా పెట్టాలి, అడిగేదాకా జేబులో చెయ్యి పెట్టకూడదు. గువ్వలచెరువు ఘాటు ఎంత బాగా దిగినా ఇది రాదు. ఎవరో ముందే చెప్పాలి.

చిన్న ట్రాఫిక్ కేసు పరాయివాడికి ఎంత దూరం పోగలదో 2025 ఏప్రిల్‌లో చూశాం. అమెరికా ప్రభుత్వం వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను, అంటే వాళ్ళ విద్యార్థి హోదాను నమోదు చేసే రికార్డులను, ఉన్నట్టుండి రద్దు చేసింది. అక్కడి ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం తనకు అందిన 327 ఫిర్యాదులను పరిశీలిస్తే సగం మన దేశపు పిల్లలవే. పోలీసు ఎప్పుడో ఆపి, కోర్టులో కొట్టివేసిన వేగం కేసులున్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. తర్వాత కోర్టుల్లో దెబ్బలు తిని ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ పిల్లలు నిద్రపోలేదు.

ఇక్కడే బావ పెండ్లాం ప్రశ్న ముందుకొస్తుంది. ఒకే రోడ్డు మీద ఒకే తప్పు చేసిన ఇద్దరిలో పౌరుడు జరిమానా కడతాడు, పరాయివాడు దేశం వదులుతాడు. 2013లో కువైటులో ట్రాఫిక్ దాడులు మొదలైనప్పుడు కొద్ది వారాల్లోనే వెయ్యిమందికి పైగా విదేశీయులను వెనక్కి పంపారు. లైసెన్సు లేకుండా నడపడం ఆ జాబితాలో ముందుంది. 1976 నాటి ట్రాఫిక్ చట్టాన్ని సవరిస్తూ 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. జరిమానాలు బాగా పెరిగాయి. ఎర్రదీపం దాటితే 50 దీనార్లు ఉండేది 150 అయింది. కఠినంగా ఉండడాన్ని నేను తప్పుపట్టను. పిల్లలు తిరిగే రోడ్డు అది, పిల్లల్ని మోసే బండి అది. కుర్ర పోలీసు అడిగిన ప్రశ్నకు బావ దగ్గర జవాబు లేదన్నది నిజం.

కానీ ఆ ప్రశ్న స్టీరింగు దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? బావకు తాళం గోడ మీద దొరకలేదు. లైసెన్సు ఫైలు కదిలించగలిగింది కఫీలు ఒక్కడే. అక్కడ డ్రైవరు లైసెన్సు అతని అకామాకూ, వీసాలో రాసిన వృత్తికీ ముడిపడి ఉంటుంది. మామూలు ఉద్యోగానికి పోయిన విదేశీయుడు అక్కడ లైసెన్సు కావాలంటే ఏళ్ళ తరబడి 600 దీనార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ళ నివాసం చూపించాల్సి వచ్చింది. ఇంటి డ్రైవరును ఆ షరతుల నుంచి మినహాయించారు, అతని పనే అది గనక. అంటే లైసెన్సు ఇప్పించడం కఫీలుకు అసాధ్యమైన పనేమీ కాదు. బామ్మర్ది ఇంటాయన విసుక్కుంటూనే ఇప్పించాడు గదా.

మన చట్టం ఈ విషయంలో కొంచెం కళ్ళు తెరిచి రాసింది. 1988 మోటారు వాహనాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇవ్వడమే ఓనరు నేరం. 2019 సవరణ తర్వాత నడిపినవాడికి 181 కింద 5,000 రూపాయలు, ఇచ్చినవాడికి 180 కింద అదే 5,000. మన రోడ్ల మీద ఇది ఎంత అమలవుతుందో అడగకండి. రాసిన మేరకైనా ఇద్దరూ ఒకే గీత మీద నిలబడతారు. బావ కేసులో అలా నిలబెట్టడం ఇంకా కష్టం. కఫీలుకు ఎంత శిక్ష వేసినా అతన్ని విమానం ఎక్కించలేరు. దేశం అతనిది.

అలాగని దోషమంతా కఫీలు మీద పడేస్తే బావను మరీ చిన్నపిల్లవాణ్ణి చేసినట్టవుతుంది. అడిగాడు, "బాదేన్" అన్నారు, ఊరుకున్నాడు. అంతా సాఫీగా ఉన్న నెలల్లో అడగడం మానేశాడు. తన చేతి మీద తనకున్న నమ్మకమే ఆయన నోరు కట్టేసింది. పనిరాని బామ్మర్ది అడుగుతూనే ఉన్నాడు, ఎందుకంటే వాడికి ఆ కాగితం తప్ప చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. పనిమంతుడికే ఈ ప్రమాదం ఎక్కువ అని గల్ఫులో చాలాకాలం ఉన్న డ్రైవర్లు ఎవరైనా ఒప్పుకుంటారు. లారీ నడిపినవాళ్ళే ముందుగా తాళం అందుకుంటారు.

కాబట్టి చెప్పాల్సింది ఇద్దరికి. వెళ్ళేవాడికి పంతులుగారు చెప్పేశాడు. రెండోవాడికి, అంటే తాళం ఇచ్చేవాడికి, చెప్పాలంటే మన చేతిలో ఉన్న చోటు ఒకటే, పని ఒప్పందం. కువైటులో ఇంటి పనివాళ్ళకు 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని, పని గంటలకు హద్దు ఉండాలని అందులో ఉంది. ఇంటి పనివాళ్ళ నియామకం మీద 2021 జూన్‌లో మన ప్రభుత్వమూ వాళ్ళ ప్రభుత్వమూ ఒక అవగాహన ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ దారిలోనే డ్రైవరు కాంట్రాక్టులో రెండు వాక్యాలు, తెలుగులోనూ అరబ్బీలోనూ, విడిగా కనబడేలా ఉండాలి. స్థానిక లైసెన్సు చేతికొచ్చేదాకా అతని చేత బండి నడిపించకూడదు. ఆ మధ్యకాలంలో జీతం ఆగకూడదు, ఆ కారణం మీద తిప్పి పంపకూడదు. రాయచోటిలో డబ్బు కట్టే రోజునే ఏజెంటు ముందు అవి చదివి వినిపించమని అడగాలి. బావ అడగడానికి మొహమాటపడితే ఆయన పెండ్లాన్ని తీసుకుపోవడం మంచిది.